చెవి డాక్టరమ్మ చిరునామా

మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ చేతిలోంచి పండుగప్ప జారి అరుగు మీద పడింది. తడిచేప కదా అనుకున్నాను. నాలుగు రోజుల తరవాత కత్తి జారింది. ఆవిడ కత్తి వంక కాకుండా తన కుడిచేతి వంక చూసుకుంది. ఆ చూపు నాకు నచ్చలేదు. ఆ రోజు డైరీలో చేప తూకం పక్కన ఆ సంగతి కూడా రాశాను.

నేనుండేది అవనిగడ్డలో. ఆవిడది కోడూరు అవతల సముద్రం ఒడ్డున ఒక పల్లె. ఇరవై ఆరేళ్లుగా మంగళ, గురు, ఆదివారాలు పొద్దున్నే బస్సు దిగి గంపతో వస్తుంది. నేను పోస్టాఫీసులో ముప్ఫై అయిదేళ్లు పనిచేశాను కాబట్టి నన్ను పోస్టమ్మగారూ అని పిలుస్తుంది. ఏ రోజు ఏ చేప తెచ్చింది, ఎంత తూగింది, ఏ రోజు రాలేదు అన్నీ నా డైరీల్లో ఉన్నాయి. ఇంట్లో ఎవరికీ అక్కరలేని లెక్కలని మా వాళ్లు నవ్వుతారు. రాయకపోతే నాకు ఆ రోజు గడిచినట్టుండదు.

చెయ్యి తిమ్మిరెక్కుతోందనీ, వేళ్లకు పట్టు తప్పుతోందనీ తరవాతి నెలలో చెప్పింది. విజయవాడలో నరాల డాక్టరుకు చూపించుకుంది. మెడలో నరం నొక్కుకుపోతున్నట్టుంది, స్కాన్ తీస్తేగాని ఎక్కడో తెలియదన్నాడాయన. స్కాన్ తీసేచోట ఒక కాగితం ఇచ్చి ప్రశ్నలు అడిగారట. ఒంట్లో ఎక్కడైనా లోహం ఉందా అన్నది ఒకటి. ఆవిడ ఉన్నమాట చెప్పింది. పద్ధెనిమిదేళ్ల కిందట చెవుడుకని బందరులో ఎడమ చెవికి ఆపరేషన్ అయింది, లోపల చిన్న పుల్లలాంటిది పెట్టారు అని. అంతే, స్కాన్ తియ్యం అన్నారు.

ఆ యంత్రం పెద్ద అయస్కాంతమట. చెవిలో ఉన్నది ఇనుము కలిసినదైతే చోటు కదలొచ్చు, వినికిడి పోవచ్చు, కళ్లు తిరుగుడు పట్టుకోవచ్చు. ఎక్స్‌రేలో ఏదో ఉన్నట్టు కనిపించింది తప్ప ఏ లోహమో తెలియలేదు. పెట్టిన డాక్టరు రాసిన కాగితం కావాలన్నారు. నరాల డాక్టరేమో స్కాన్ లేకుండా మెడ మీద కత్తి పెట్టనన్నాడు. నెలరోజులు దాటనివ్వద్దు, వేళ్లలో పోయిన బలం మళ్లీ వస్తుందని చెప్పలేను అని కూడా అన్నాడు. రోజుకు పదిహేను ఇరవై కిలోల చేప కోసి బతికే మనిషికి కుడిచేతి వేళ్లంటే ఏమిటో వేరే చెప్పక్కరలేదు.

బందరు వెళ్తే ఆ ఆసుపత్రి లేదు. ఆ చోట మోటారు సైకిళ్లు అమ్ముతున్నారు. ఎదురుగా మందుల షాపాయన, "చెవి డాక్టరమ్మా? ఆవిడ వెళ్లిపోయి పదేళ్లు దాటిందమ్మా. ఎటెళ్లారో తెలీదు," అన్నాడట. చేతిలో మిగిలింది ఒక్క మందుల చీటీ. రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ సంచిలో దాచుకుంది. డాక్టరమ్మ పేరు, చదువు అచ్చులో ఉన్నాయి. తేదీ ఉండాల్సిన మూల ఉప్పుగాలికి చెమ్మపట్టి చినిగిపోయింది.

"పోస్టమ్మగారూ, మీరు ఎన్ని ఉత్తరాలు చేర్చుంటారు. ఈవిడెక్కడుందో కనుక్కోండమ్మా," అంది.

నిజం చెప్పాలంటే, ఆ మాటకు నాకు కొంచెం గర్వం కలిగింది. చిరునామా సరిగ్గా లేని ఉత్తరాలు మా ఆఫీసులో నా బల్ల మీదికే వచ్చేవి. 'కోడూరు దగ్గర, ఉప్పెన తరవాత కట్టిన ఇళ్లలో రెండో వరస, నత్తి ఉన్నాయనకి' అని ఒకసారి వచ్చింది. మూడో రోజుకు చేర్చాను. వెనక్కి పంపిన ఉత్తరాల సంఖ్య తక్కువగా ఉండటం నా ఉద్యోగంలో నాకు నచ్చిన విషయం. అదే పద్ధతిలో మొదలుపెట్టాను. బందరులో నాతో పనిచేసిన ముగ్గురికి ఫోన్ చేశాను. ఒకరు పోయారని తెలిసింది, ఇద్దరికి డాక్టరమ్మ గుర్తులేదు. చీటీ మీద ఉన్న చదువును బట్టి ఆవిడ చదివిన కళాశాలకు ఒక ఉత్తరం రాసి, తిరుగు కవరు కూడా పెట్టి రిజిస్టరు చేశాను. తొమ్మిది రోజులు చూశాను. జవాబు రాలేదు. నెలలో తొమ్మిది రోజులు నా వల్ల పోయాయి.

పదో రోజు ఆదివారం. ఆవిడ గంప లేకుండా వచ్చింది. వెంట కోడలు ఉంది. ఆ అమ్మాయికి ఇరవై ఏడేళ్లు. గుడివాడలో డిగ్రీ చదివింది. కోడూరులో రొయ్యల చెరువుల నీళ్లు, రొయ్యపిల్ల పరీక్ష చేసే ల్యాబులో పని. అంతకుముందు రెండుసార్లు చూశాను గాని మాట్లాడింది లేదు.

"ఇది రోజంతా రొయ్యకి రక్తపరీక్షలు చేస్తదండమ్మా. మడిసికి మాత్రం ఒక్క కప్పు టీ పెట్టదు," అంది అత్తగారు.

"నీకు షుగరు, అత్తా. టీ అడిగితే రొయ్యకైనా పెట్టను," అంది కోడలు. అని, నా వైపు తిరిగి, "మామ్మగారూ, మీరు రాసిన ఉత్తరం ఏ అడ్రసుకి వెళ్లింది, ఏమని రాశారు, కాపీ ఉందాండీ?" అని అడిగింది.

కాపీ ఉందా అని అడిగినందుకు నాకు ఆ పిల్ల మీద గురి కుదిరింది. తీసి ఇచ్చాను. మొత్తం చదివి, మడత పాత గీత మీదే మడిచి తిరిగిచ్చింది.

తరవాత ఫోన్ తీసి కుర్చీ నా పక్కకు జరుపుకుంది. డాక్టరమ్మ పేరు కొట్టింది. ఆ పేరుతో ఒక బ్యాంకు అధికారి, ఒక నాట్యం నేర్పే ఆవిడ, పళ్ల డాక్టర్లు ఇద్దరు, ఇంకా చాలామంది వచ్చారు. ఒకచోట ఎవరిదో ఈమెయిల్ చిరునామా కనిపించింది గాని అక్షరాలు సగం నక్షత్రాలతో మూసేసి ఉన్నాయి. మిగతాది కావాలంటే కార్డు నంబరు ఇవ్వమంటోంది.

"ఇది ఆవిడదే అయ్యుండొచ్చేమో," అన్నాను.

"అయినా వద్దండీ. ఆవిడ ఇవ్వని అడ్రసు వీళ్ల దగ్గర కొంటే ఆవిడకి మన మీద ఏం మర్యాద ఉంటుంది? ఆవిడే రాయమని పెట్టుకున్నది ఎక్కడో ఉంటుంది. అది చూద్దాం."

రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చినప్పుడు దాని మీద శాస్త్రవేత్తలు రాసిన వ్యాసాలు వీళ్ల ల్యాబులో చదువుతారట. వ్యాసం మొదట్లో రాసినవాళ్ల పేర్లుంటాయి, వాటిలో ఒక పేరు పక్కన చిన్న కవరు బొమ్మ ఉంటుంది, సందేహం ఉన్నవాళ్లు రాయడానికి ఆ పేరు గలవాళ్ల ఈమెయిల్ కింద ఇస్తారు. "నేను ఒకసారి చెన్నైలో ఒకాయనకి రాశానండీ. మా చెరువు నీళ్ల సంగతి. ఆయన మూడు పేజీల జవాబిచ్చారు. డాక్టర్లు కూడా ఇట్టాగే రాస్తారు కదా మరి," అంది.

ఈసారి డాక్టరమ్మ పేరుతో పాటు ఆ చెవి జబ్బు పేరు, ఆపరేషన్ పేరు కలిపి వెతికింది. నలభై నిమిషాలు పట్టింది. ఒక్కొక్క వ్యాసం తెరిచి, పేర్లు చూసి, మూసేది. ఏది చూశామో ఒక కాగితం మీద రాసుకుంటూ ఉంది, చూసిందే మళ్లీ చూడకుండా. నేను నా జీవితంలో పనిమంతులను చూశాను. పని తెలిసినవాళ్లు తొందరపడరు. చివరికి ఒక వ్యాసం దగ్గర ఆగింది. పేరు అదే, పక్కన కవరు బొమ్మ ఉంది.

"ఈవిడే ఆవిడని ఏమిటి రుజువు?" అన్నాను.

"ఈ ఆపరేషన్లు ఎక్కడ చేశారో లోపల రాశారు చూడండి," అంటూ చూపించింది. కృష్ణా జిల్లా, మచిలీపట్నం అని ఇంగ్లీషులో ఉంది, మన బందరే. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాను.

నేనైతే పెద్ద ఉత్తరం రాసేదాన్ని. ఆ అమ్మాయి తొమ్మిది వాక్యాలు రాసింది. మేమెవరం, ఏం కావాలి, ఎందుకు కావాలి, ఎప్పటిలోగా కావాలి. చీటీ ఫొటో తీసి జతచేసింది. పంపబోతూ ఆగి, "అత్తా, నీ చెవి సంగతంతా రాశాను. పంపనా? నీకు ఇష్టమేనా?" అని అడిగింది.

"నా సెవి లోపల చూసింది ఆవిడొక్కతే. ఆవిడ దగ్గర దాపరికమేందే. పంపు."

పంపింది. నిమిషం లోపే జవాబు వచ్చింది. చూస్తే అది జవాబు కాదు, మేం పంపినదే తిరిగొచ్చింది. ఆ చిరునామాలో ఎవరూ లేరట. చేరని ఉత్తరం నా బల్ల మీదికి తిరిగి రావడానికి కనీసం వారం పట్టేది. ఇంత త్వరగా నిరాశపడటం నాకు కొత్త. అత్తగారు లేచి చీర కుచ్చెళ్లు సర్దుకుంది, వెళ్దామన్నట్టు. ఆ అమ్మాయి మాత్రం తన కాగితం మీద గీత గీసి, "ఈ వ్యాసం పదకొండేళ్ల నాటిదండీ. ఉద్యోగం మారితే అడ్రసు మారుతుంది. మానకుండా రాసే మనిషైతే కొత్తది ఉంటుంది," అంది.

ఉంది. నిరుడు రాసినదే ఒకటి దొరికింది. డాక్టరమ్మ ఇప్పుడు కేరళలో ఒక వైద్య కళాశాలలో పాఠాలు చెబుతున్నారు. అక్కడి చిరునామాకు మళ్లీ పంపింది. ఈసారి తిరిగి రాలేదు. పదిహేను నిమిషాలు ముగ్గురం ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాం.

బుధవారం పొద్దున ఆ అమ్మాయి ఫోన్ చేసి జవాబు చదివి వినిపించింది. డాక్టరమ్మ చాలా మర్యాదగా రాశారు. తాను చేసిన ప్రతి ఆపరేషన్ నోటుబుక్కులో రాసుకోవడం మొదటినుంచీ అలవాటట. ఆ పుస్తకాలన్నీ తన దగ్గరే ఉన్నాయట. అది విని ఆవిడ మీద కూడా నాకు గౌరవం కలిగింది. అయితే ఒక చిక్కు. ఆ ఏడాది ఫిబ్రవరిలో, ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు గల ఇద్దరు ఆడవాళ్లకు ఆపరేషన్ చేశారు. ఒకరికి పదమూడో తేదీ, ఒకరికి ఇరవయ్యో తేదీ. ఇద్దరికీ ఎడమ చెవే. వయసులు కూడా దగ్గర దగ్గర. వేసిన పుల్లలు మాత్రం వేరు వేరు. 'మీ మనిషి ఏ తేదీనాటి మనిషో ఖాయంగా తెలిస్తేనే కాగితం ఇస్తాను, ఊహించి చెప్పకండి' అని రాశారు.

ఇది వేరే ఊళ్లో అయితే వింత. వీళ్ల పల్లెలో వింత కాదు. వీధి వీధంతా ఒకే ఇంటిపేరు. మనవరాళ్లకు నాయనమ్మ పేరు పెట్టడం ఆచారం, అన్నదమ్ములు ఇద్దరూ తమ తమ ఆడపిల్లలకు అదే పేరు పెట్టారు. ఆ పిల్లలిద్దరినీ ఒకే ఇంటి అన్నదమ్ములకు ఇచ్చారు. పేర్లు కలిసిపోతే ఊళ్లో ఎవరికీ ఇబ్బంది లేదు, పెద్దది, చిన్నది అని పిలుచుకుంటారు. మా చేపలావిడ చిన్నది. పెద్దావిడ పోయి నాలుగేళ్లయింది. ఆ నాయనమ్మకూ చెవుడేనట, చెవుడు కూడా పేరుతోపాటే వచ్చింది.

తేదీ అనగానే నేను డైరీ తీశాను. పద్ధెనిమిదేళ్ల కిందటి ఫిబ్రవరి. పదకొండు, ఆదివారం: చేప రాలేదు. మళ్లీ మార్చి ఎనిమిది, గురువారం: వచ్చింది, చెవికి దూది ఉంది. మధ్యలో పదకొండుసార్లు రాలేదు. పదకొండో తేదీ వెళ్లిన మనిషికి పదమూడున ఆపరేషన్ కాక ఇరవయ్యో తేదీ దాకా ఆసుపత్రిలో ఏం పని? నాకు సందేహమే కలగలేదు.

"పదమూడు. రాసెయ్యి," అన్నాను. "పుస్తకంలో ఉంది."

"సరేనండీ మామ్మగారూ. అత్తని కూడా ఒక మాట అడిగి పంపుతాను."

"పద్ధెనిమిదేళ్ల కిందటి తేదీ మీ అత్తకేం గుర్తుంటుందే? నాకే గుర్తులేదు, డైరీ ఉండబట్టి గాని."

"తేదీ అడగనండీ. ఏం జరిగిందో అడుగుతాను."

ఫోన్ పెట్టాక కాసేపు మనసు చివుక్కుమంది. నా డైరీలో ఉందన్నాక అంతవరకూ ఎవరూ మళ్లీ ఇంకొకరిని అడగలేదు.

మర్నాడు గురువారం అత్తాకోడళ్లు ఇద్దరూ వచ్చారు. కోడలు అత్తగారిని ముందుకు నెట్టింది.

"నువ్వే చెప్పు అత్తా, నాకు చెప్పినట్టు."

"ఏముందండమ్మా. ముందు మా అక్కకి చేశారు. నేను కాపలా ఉన్నాను. మా ఆడోళ్లం ఒక్కళ్లమే ఆసుపత్రికి పోమండీ. దానికి చేసినప్పుడు నేను, నాకు చేసినప్పుడు అది. వారం దానికి గంజి కాసి పోశాను. దానికి కట్టు ఇప్పినాక నేను మంచం ఎక్కాను. అదే మంచం. దుప్పటి కూడా మార్చలేదు."

నేను ఆవిడ వంక చూశాను. "మరి ఇన్నాళ్లూ ఈ మాట చెప్పలేదేమే?"

"ఎవరడిగారండీ నన్ను? మీరు పుస్తకాన్ని అడిగారు, ఇది ఫోన్ని అడిగింది."

కోడలు నవ్వాపుకోలేక పమిట అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. డైరీ మళ్లీ తెరిచాను. అందులో రాసింది తప్పు కాదు. పదకొండున రాలేదు, నిజమే. నేను దాని నుంచి తీసిన లెక్క తప్పు. గంప మొయ్యకుండా ఎన్నాళ్లుండమన్నారు అని ఆవిడని అడిగాను. పదిహేను రోజులంది. పదమూడో తేదీ నుంచి మార్చి ఎనిమిదికి ఇరవై మూడు రోజులు. ఇరవయ్యో తేదీ నుంచి పదహారు. ఆ తీసివేత ఒక్కటి చేసి ఉంటే నాకే తెలిసేది. చెయ్యలేదు. ఎందుకంటే జవాబు నా దగ్గర ఉందనుకున్నాను. ఆవిడకు ఒంటరిగా వెళ్లే అలవాటు లేదన్న సంగతి ఇరవై ఆరేళ్లలో నేను అడిగి తెలుసుకోనేలేదు.

"నిన్ననే నా మాట ప్రకారం పంపి ఉంటే ఏమయ్యేది?" అన్నాను కోడలితో.

"పంపలేదు కదండీ," అంది. ఇంకొకరైతే అక్కడ ఒక మాట అదనంగా అనేవారు. ఆ అమ్మాయి అనలేదు. నా లెక్కలోని పదహారు రోజులు మాత్రం అడిగి, దాన్ని కూడా రుజువుగా ఉత్తరంలో చేర్చింది. నా చేత చదివించి, నా ఎదురుగానే పంపింది.

శుక్రవారానికి కాగితం వచ్చింది. ఇరవయ్యో తేదీ మనిషికి వేసిన దానిలో సన్నని లోహపు తీగ ఉంది. ఏ కంపెనీది, ఎంత పొడుగు, ఏ లోహం అన్నీ సంతకంతో రాశారు. అది ప్రమాదకరమైన రకం కాదు, కాని ఒకటిన్నర టెస్లా బలం మించిన యంత్రంలో దాన్ని పరీక్షించినట్టు తన దగ్గర ఆధారం లేదు, అందుకని అంతకు మించనివ్వద్దు అన్నారు. టెస్లా అంటే అయస్కాంతం బలానికి కొలత అని కోడలు చెప్పింది. విజయవాడలో వీళ్లు వెళ్లిన చోట ఉన్నది మూడు టెస్లాల యంత్రం. పదమూడో తేదీ మనిషికి వేసినది ఏమిటో డాక్టరమ్మ రాయలేదు. పోయినవాళ్ల సంగతి కూడా ఇంకొకరికి చెప్పకూడదన్న పద్ధతి కాబోలు. నేను మాత్రం ఆ కాగితం పట్టుకుని, నా తేదీ వెళ్లి ఉంటే ఏ కాగితం వచ్చేదో, ఏ యంత్రంలో పడుకోబెట్టేవారో ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఒకటిన్నర టెస్లా యంత్రం ఎక్కడుందో కూడా ఆ అమ్మాయే నాలుగు చోట్లకు ఫోన్ చేసి కనుక్కుంది. గుడివాడలో ఉంది. సోమవారం ముగ్గురం చల్లపల్లి మీదుగా బస్సులో వెళ్లాం. నన్ను రమ్మని ఎవరూ అడగలేదు, నేనే వెళ్లాను. అక్కడ కౌంటర్లో కుర్రవాళ్లెవరూ ముందు ఒప్పుకోలేదు. కోడలు కాగితం రెండు ప్రతులు తెచ్చింది. ఒకటి వాళ్లకిచ్చి, పెద్ద డాక్టరు చదివి సంతకం పెట్టేదాకా కుర్చీలో కూర్చోకుండా నిలబడింది. గంటా పది నిమిషాలు. ఆయన చివరికి బయటికి వచ్చి, "ఇంత వివరంగా ఎవరూ తేరమ్మా. ఎక్కడ పట్టుకున్నారు ఈవిడని?" అన్నాడు.

"వ్యాసంలో అడ్రసు ఉందండీ," అంది, ఎవరైనా చూస్తే కనిపించేదే అన్నట్టు.

మెట్టెలు, గాజులు, పుస్తెలతాడు, ముక్కుపుడక అన్నీ తీసి కోడలి కొంగులో మూటకట్టి ఆవిడ లోపలికి వెళ్లింది. ముక్కుపుడక మర రాక సబ్బు రాయాల్సి వచ్చింది. తలుపు మూశారు. లోపల్నుంచి దబదబమని చప్పుడు మొదలైంది. ఇరవై అయిదు నిమిషాలు. ఆ అమ్మాయి కొంగుమూట రెండుచేతులా పట్టుకుని తలుపు వంకే చూస్తోంది. ఇన్ని రోజుల్లోనూ ఆ పిల్ల భయపడటం నేను చూసింది అప్పుడే.

తలుపు తీశారు. అత్తగారు గోడ పట్టుకుని వచ్చింది.

"కళ్లు తిరుగుతున్నాయా? వినపడుతోందా అత్తా?" అంటూ కోడలు ఎదురెళ్లింది.

"వినపడకేం. మరపడవ ఇంజను నెత్తిన పెట్టినట్టుంది. రెండు చెవుల్లోనూ సమానంగా వాయించాడు," అని, బెంచీ మీద కూలబడి, "నా ముక్కుపుడక ఇటియ్యవే," అంది.

కోడలు పుడక ఇచ్చింది. తరవాత నేను తెచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా ఫోన్ తీసి ఏదో కొట్టసాగింది. ఇంటికెళ్లి తీరిగ్గా రాసుకోవచ్చు కదా, ఇప్పుడెవరికి అన్నాను.

"డాక్టరమ్మగారికండీ. ఇవాళ స్కాన్ అని చెప్పాను. ఏమైందోనని ఆవిడ చూస్తుంటారు కదా."